జీతాల పద్దు గురించి ఒక మాట

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ లేఖల పేజీలో ఒక పాఠకులు రాసిన ఉత్తరం చదివాను. ఏదో జంతు సంరక్షణ సంస్థ వార్షిక లెక్కలు తెప్పించుకుని చూశారట. వచ్చిన విరాళాల్లో సగం దాకా జీతాలకే పోతోందనీ, ఇక మూగజీవాలకు మిగిలేదేముందనీ వారి ఆవేదన. చివర్లో 'సేవ చేసేవాళ్లకు జీతమెందుకు' అని కూడా అడిగారు. అక్కడికి వచ్చేసరికి పేపరు పక్కన పెట్టేశాను. వారి మీద కోపం వచ్చి కాదు. ఆరేళ్ల కిందట అచ్చం ఇదే ప్రశ్న, దాదాపు ఇవే మాటల్లో, ఒక మీటింగులో లేచి నిలబడి అడిగింది నేనే.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. గ్రామీణ బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. కుక్కల మీద నాకు ప్రత్యేకించి ప్రేమ లేదు. చిన్నప్పుడు కరిపించుకుని బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్న తరం మాది. రిటైరైన రెండో నెలలో మా వీధి మలుపు దగ్గర ట్రాక్టరు తగిలి ఒక కుక్కకు నడుం విరిగింది. అది ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ వచ్చి మా గేటు ముందే పడుకుంది. పక్కింటి కుర్రాడు అనంతపురం ఊరి చివర ఇలాంటివాటిని చూసుకునే షెడ్డు ఉందంటే, గోనెసంచిలో పడుకోబెట్టి ఆటోలో తీసుకెళ్లాం. దిగబెట్టి, ఐదు వందలు ఇచ్చి, రసీదు అడిగాను. రసీదు పుస్తకానికి వరుస నంబర్లు లేవు. కార్బన్ కాగితం తలకిందులుగా పెట్టి రాశారు. నా చేయి ఊరుకోలేదు. మరుసటి వారం నుంచి ఆ ట్రస్టుకు జమాఖర్చులు రాసిపెట్టేవాణ్ణి నేనే.

మూడో నెలలో ట్రస్టు మీటింగు. నేను తీసిన లెక్క నాకే నచ్చలేదు. ఖర్చులో సగం జీతాలు. బ్యాంకులో ఏ సంఘం పుస్తకాల్లోనైనా అలా కనబడితే అనుమానించమని నేర్పారు మాకు. లేచి అడిగేశాను. ట్రస్టు కార్యదర్శి ఒక రిటైర్డు టీచరమ్మ. ఆమె వాదించలేదు. 'రేపు పొద్దున ఐదున్నరకు ఒకసారి రండి సార్' అని మాత్రం అన్నారు.

వెళ్లాను. తొంభై కుక్కలు రాత్రంతా ఉన్న చోటు ఐదున్నరకు ఎలా ఉంటుందో రాస్తే మీ పత్రిక వేసుకోదు. ఇద్దరు కుర్రాళ్లు, ఒక ఆడమనిషి. ఒకరు పారతో ఎత్తుతుంటే ఒకరు పైపుతో కొడుతున్నారు, మూడో మనిషి ఫినాయిల్ చల్లుతోంది. అటువైపు కట్టెల పొయ్యి మీద డేక్సాలో నూకలు ఉడుకుతున్నాయి. (ఇప్పుడు గ్యాసు వచ్చింది లెండి.) అందులో కోడి కాళ్లు, మెడలు, చారెడు పసుపు. నేను ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడితే ఆ కుర్రాళ్లలో ఒకడు నవ్వి, 'పక్కకు రండి సా, తొలిసారి వచ్చినోళ్లకు కండ్లు తిరుగుతాయి' అన్నాడు.

నేను తెచ్చిన కుక్క ఓ మూల గోనెపట్టా మీద ఉంది. ఆ కుర్రాడు దాని పక్కన గొంతుక్కూచుని, రెండు చేతులతో పొత్తికడుపు పట్టుకుని, మెల్లగా నొక్కుతున్నాడు. ఏం చేస్తున్నావని అడిగితే, 'ఉచ్చ పోయిస్తాండా సా' అన్నాడు. నడుం విరిగిన కుక్క తనంతట తాను మూత్రం పోయలేదట. రోజుకు మూడు నాలుగు సార్లు ఎవరో ఒకరు చేత్తో నొక్కి పోయించాలి. ఒక పూట తప్పితే లోపలే నిలిచి చీము పట్టొచ్చు, రెండు మూడు రోజులు తప్పితే ప్రాణమే పోవచ్చు. ఆదివారం లేదు, ఉగాది లేదు. మెత్తగా నొక్కితే రాదు, గట్టిగా నొక్కితే తిత్తి పగులుతుంది. అది చేతికి అలవాటు కావాలి. ఆ కుర్రాడికి ఆ అలవాటు రావడానికి నెల పట్టిందట.

ఆ కుక్క ఇంకో నాలుగేళ్లు బతికింది. నేనిచ్చిన ఐదు వందలు దాన్ని బతికించలేదు. ఆ కుర్రాడి చేతులు బతికించాయి. ఆ చేతులకు ఇచ్చేదాన్ని పుస్తకంలో నేను 'జీతాలు' అని రాస్తాను. వేరే పద్దు ఏదైనా ఉంటే ఆ పాఠకులు చెప్పాలి.

లెక్క అడిగారు కాబట్టి మా లెక్కే చెబుతాను. దాచడానికేమీ లేదు, ఏటా ఆడిటర్ సంతకం పెడుతున్నాడు. నెలకు దగ్గర దగ్గర లక్షా యాభై ఐదు వేలు ఖర్చు. కుక్కలు కడిగి, వండి, పెట్టే ముగ్గురికి తలా 11,500. రాత్రి కాపలా ఉండే పెద్దాయనకు 9,000. సూదులు వేసి, కట్లు కట్టే పారావెట్‌కు 14,000. వారానికి మూడు రోజులు వచ్చి ఆపరేషన్లు చేసే పశువైద్యుడికి 20,000. అన్నీ కలిపితే 77,500, అంటే సరిగ్గా సగం. మిగతా సగంలో మందులు 25,000, రోజుకు 22 కిలోల లెక్కన నూకలు, చికెన్ వ్యర్థాలు, గ్యాసు, కరెంటు, నీళ్ల ట్యాంకరు, ఆటో డీజిలు. టీచరమ్మకు గానీ నాకు గానీ పైసా లేదు. అది మా గొప్ప కాదు, మాకు పెన్షను ఉంది. ఆ కుర్రాడికి పెన్షను లేదు. వాళ్లమ్మ కూలికి పోతుంది, చెల్లెలు ఇంటర్ చదువుతోంది. 'సేవ చేసేవాళ్లకు జీతమెందుకు' అన్న మాట వాడి ముందు అనే ధైర్యం నాకైతే లేదు.

దాతల తీరు కూడా చెప్పాలి. వాళ్లను తప్పు పట్టడానికి కాదు, వాళ్లే లేకపోతే డేక్సా పొయ్యి మీదికెక్కదు. కానీ ఇచ్చేవాళ్లకు కంటికి కనబడేది కావాలి. బియ్యం మూట కనబడుతుంది, ఫొటోకు బాగుంటుంది. పుట్టినరోజుకు పిల్లల్ని తీసుకొచ్చి బిస్కెట్లు పంచుతారు. ఒకాయన ఏకంగా చాక్లెట్ కేకు తెచ్చాడు. కుక్కకు చాక్లెట్ విషమని చెబితే ముఖం చిన్నబుచ్చుకున్నాడు, చివరికి ఆ కేకు మా కుర్రాళ్లు తిన్నారు. ఇంకొకాయన ఇరవై ఐదు కిలోల మూటలు నాలుగు దింపి ఆదాయపు పన్ను రాయితీకి పనికొచ్చే 80జీ రసీదు రాయమన్నాడు. వస్తురూపంలో ఇచ్చినదానికి ఆ రాయితీ రాదనీ, నగదైనా రెండు వేలు దాటితే రాదనీ చెబితే 'బ్యాంకోడివి కదా, రూల్సే మాట్లాడతావ్' అన్నాడు. ఇంతమందిలో ఒక్కరు కూడా 'ఈ నెల ఆ కుర్రాడి జీతం నేనిస్తా' అనలేదు. అబద్ధమెందుకు, ఆరేళ్లలో ఒకావిడ అంది. ఆమె అంగన్‌వాడీ టీచరు.

కంపెనీలూ అంతే. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ చట్టం ఏడో షెడ్యూలులో పర్యావరణంతో పాటు జంతు సంక్షేమం అన్న మాట స్పష్టంగా ఉంది. అది పట్టుకుని ఒక కంపెనీ తలుపు తట్టాం. ఇద్దరు మనుషులకు మూడేళ్ల జీతం ఇవ్వండి చాలన్నాం. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. జీతాలంటే తమ బోర్డు ఒప్పుకోదన్నారు, ఆస్తి ఏదైనా కట్టిస్తామన్నారు. రేకుల షెడ్డు కట్టారు. మంచి షెడ్డే, కాదనను. దాని మీద స్టీలు బోర్డు, రిబ్బను, ఫొటోగ్రాఫరు, పులిహోర. ఆ షెడ్డులో ఇంకో ముప్పై కుక్కలు పడతాయి. కడిగే మనిషి లేక నాలుగు నెలలు అందులో నూకల మూటలు పెట్టుకున్నాం.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల సంగతీ చెప్పాలి. నా స్నేహితుడి కొడుకు అమెరికాలో ఉంటాడు, మా ఊరి పిల్లాడే. ఐదు వందల డాలర్లు పంపుతానన్నాడు. వద్దనాల్సి వచ్చింది. భారత పాస్‌పోర్టు ఉన్నవాడైతే తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కాదు. వీడు అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు, కాబట్టి విదేశీయుడి కిందే లెక్క. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి. రిజిస్ట్రేషన్ కావాలంటే మామూలుగా సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. దానికి తోడు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలి. మాకు అర్హత ఉంది, ఆ కాగితాల వెంట తిరిగే మనిషి లేడు. ఆ మనిషిని పెట్టుకుంటే మళ్లీ జీతమే కదా.

ఇక్కడే ఆ పాఠకులకు పనికొచ్చే ముక్క ఒకటుంది. 2020లో ఆ చట్టం సవరించి, విదేశీ విరాళంలో పాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించారు. అంత కఠినంగా ఉన్న ప్రభుత్వం కూడా ఆసుపత్రిలో డాక్టరు జీతాన్ని, బడిలో టీచరు జీతాన్ని పాలనా ఖర్చులో కలపలేదు. వాటిని సంస్థ అసలు పని మీద పెట్టిన ఖర్చుగానే నిబంధనలు చూస్తాయి. ఆఫీసు అద్దె వేరు, కారు పెట్రోలు వేరు, కుక్క పొత్తికడుపు నొక్కే చేయి వేరు. ఆ తేడా ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు తెలిసినప్పుడు మనకు తెలియకూడదా?

ఇదంతా ఇప్పుడెందుకంటే, షెల్టర్ల మాట రోజూ మీ పత్రికలోనే చూస్తున్నాం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, టీకా అయిన వీధి కుక్కల్ని పట్టినచోటే వదలమంది. రేబిస్ ఉన్నవి, మనుషుల మీద పడేవి మాత్రం మినహాయింపు. నవంబరు 7న మళ్లీ బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల ఉన్న కుక్కల్ని తీసి షెల్టర్లలో పెట్టమంది, తిరిగి అక్కడ వదలొద్దంది. తీర్పు మంచిచెడ్డల జోలికి నేను పోను. కుక్కకాటు తిన్న పిల్లల్ని కూడా నేను చూశాను. ఒక్కటే అడుగుతాను. షెల్టరంటే నాలుగు గోడలా? గోడలు కాంట్రాక్టరు కడతాడు. పొద్దున ఐదున్నరకు పార పట్టేదెవరు? వాళ్లకు కుక్క కరవకముందే వేయాల్సిన రేబిస్ సూదులు వేయించేదెవరు? మా కుర్రాళ్లకు ఆ మూడు డోసులూ వేయించాకే కుక్కల దగ్గరికి పంపుతాం. ఆ సూదుల ఖర్చు కూడా నేను 'సిబ్బంది' పద్దులోనే రాస్తాను, అదీ రేపెవరికో తప్పుగా కనబడుతుందేమో.

ఆ పాఠకుల అనుమానం ఊరికే పుట్టలేదని ఒప్పుకుంటాను. ఈ రంగంలో దొంగలున్నారు. ఒకే గాయపడ్డ కుక్క ఫొటో మూడు వేర్వేరు పేర్లతో, మూడు క్యూఆర్ కోడ్‌లతో నా ఫోన్‌కే వచ్చింది. ఒక కోడ్ స్కాన్ చేసి చూస్తే సంస్థ పేరు కాదు, ఎవరో వ్యక్తి పేరు కనబడింది. అలాంటి చోట రూపాయి వేయకండి. సంస్థ పేరు మీదే బ్యాంకు ఖాతా ఉందా, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదైందా, ఆడిట్ నివేదిక అడిగితే చూపిస్తున్నారా, ఇవి చూసుకోండి. కుక్కల ఆపరేషన్లు చేస్తున్నామంటే జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉందా అని అడగండి. అన్నిటికంటే ముందు చెప్పకుండా ఒకసారి వెళ్లి చూడండి. నా అనుభవంలో జీతాల పద్దు సున్నా అని చూపించే షెల్టరే ఎక్కువ భయపెడుతుంది. అక్కడ ఎవరు కడుగుతున్నారు? కడిగేవాళ్లు లేకపోతే ఆ కుక్కలు ఎలా ఉన్నాయి?

మంచి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. మా పక్కనే పుట్టపర్తిలో 2000 నుంచి పనిచేస్తున్న కరుణా సొసైటీ ఉంది. రోడ్ల మీద తిరిగే ఆవుల కడుపు కోసి ప్లాస్టిక్ కవర్లు కిలోలకు కిలోలు తీసి, ఆ సాక్ష్యం పట్టుకుని 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లిన సంస్థ అది. మా దగ్గర కూడా అలాంటి ఆపరేషన్ ఒకటి చూశాను. ఆవును నిలబెట్టే, ఎడమ డొక్క దగ్గర మొద్దుబారే సూది వేసి కోశారు. డాక్టరు భుజం దాకా చెయ్యి పెట్టి లాగుతుంటే కవరు మీద కవరు, నైలాన్ తాడు, పిన్నీసు, రెండు రూపాయి బిళ్లలు, ఎవరిదో చీర అంచు. మూడున్నర గంటలు పట్టింది. ఆ మూడున్నర గంటలూ ఆవు తల పట్టుకుని నిలబడ్డవాడు, తర్వాత పదిహేను రోజులు కుట్లు కడిగినవాడు మళ్లీ ఆ కుర్రాడే. మిగిలిన అన్నం కవరులో ముడేసి పారేసేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మా ఇంట్లో కూడా ఉండేవాళ్లు, ఆ రోజు దాకా.

ఒక పక్కమాట. జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లు దానికి మూలం. అందులో మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు. అరవై ఏళ్లు దాటినా అదే అంకె. మా రసీదు పుస్తకం అచ్చు వేయించడానికి అంతకంటే ఎక్కువవుతుంది.

గేటు ముందు అట్టపెట్టెల సంగతి రాయకపోతే టీచరమ్మ ఊరుకోరు. వానాకాలం మొదలైతే వారానికి రెండు మూడు పెట్టెలు. ఇంకా కళ్లు తెరవని కుక్కపిల్లలు, పైన పాత చీర ముక్క, పక్కన పాల ప్యాకెట్. ఆవుపాలు పడక చాలావాటికి విరేచనాలు పట్టుకుంటాయి. పెట్టెలో ఒక్కదానికి పార్వో అనే అంటురోగం ఉంటే చాలు, షెడ్డులో టీకా పడని పిల్లలన్నిటికీ అంటుకుంటుంది. అప్పుడు రాత్రంతా మనిషి కూర్చుని సెలైన్లు ఎక్కించాలి. తల్లికి సమయానికి ఆపరేషన్ చేయించి ఉంటే ఆ పెట్టె వచ్చేదే కాదు. వీధి కుక్కల ఆపరేషన్లకు మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ కుక్కకు ఇంత అని బిల్లు ఇస్తుంది. ఆ బిల్లు ఎప్పుడొస్తుందో మాత్రం నా ముప్పై నాలుగేళ్ల అనుభవంతో కూడా చెప్పలేను. బిల్లు ఆగిన నెల కుక్కల్ని పట్టేవాళ్లు పనిలోకి రారు. మళ్లీ జీతాల దగ్గరికే వచ్చాను, క్షమించాలి.

ఆ పాఠకులకు మీ ద్వారా నాదో మనవి. మీరు అడిగిన ప్రశ్న తప్పు కాదు. అడిగేవాళ్లు లేకపోతే మాలాంటివాళ్ల పుస్తకాల్లో కార్బన్ ఇంకా తలకిందులుగానే ఉండేది. మీరు ఒకసారి మా షెడ్డుకు రండి. అనంతపురంలో ఎవరిని అడిగినా దారి చెబుతారు. ఆరేళ్ల లెడ్జర్లు బల్ల మీద పెడతాను. మీ కళ్లద్దాలు మీరు తెచ్చుకోండి, నా అంకెలు చిన్నవి. టీ కూడా ఇస్తాం, అది నా సొంత ఖర్చు, లెడ్జరులో ఉండదు. కానీ పొద్దున ఐదున్నరకే రండి. ఏడు దాటాక వస్తే అంతా కడిగేసి ఉంటుంది, మీకేమీ కనబడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రామీణ బ్యాంకు ఉద్యోగి,
అనంతపురం.